గవాచి మూసిన ఇల్లు

ఈ జులైలో ఒక రాత్రి. బయట వాన జోరుగా పడుతోంది. పొయ్యి మీద పాలు పెట్టి, పక్కనే నిలబడి ఫోను చూసుకుంటున్నాను. పాలలో టప్పుమని ఏదో పడింది. చూస్తే మీగడ మీద టీ రంగు బొట్టు. తలెత్తేలోగా ఇంకోటి పడింది. పైన చిమ్నీ తప్ప ఏమీ లేదు. ఆరు నెలల కింద, జీతం పెరిగిన సంబరంలో పెట్టించుకున్న చిమ్నీ. పాలు పారబోసి, దాని కింద ఖాళీ గిన్నె పెట్టి, ఆ రాత్రి తమ్ముడూ నేనూ డికాషనే తాగి పడుకున్నాం.

రెండు రోజులకు ఫిట్టింగ్ చేసే అబ్బాయి వచ్చాడు. టార్చి వేసి చూశాడు. గొట్టం పొడవునా చెయ్యి పెట్టి తడిమాడు. "మిషన్ మంచిగనే ఉంది మేడం. గొట్టం గోడలకెళ్లి బయటికి పొయ్యేకాడ వాటం లోపలికుంది. బయట మూత గూడ ఇరిగింది. గాలివానకు నీళ్లు లోపలికి కొట్టి, గొట్టంల ఉన్న జిడ్డును కలుపుకొని దిగుతున్నయ్" అన్నాడు. కొత్త మూత తెస్తానని వెళ్లినవాడు మళ్లీ పదిరోజుల దాకా కనిపించలేదు.

ఆ సాయంత్రం ఊరికి ఫోన్ చేశాను. మా నాయిన మేస్త్రీ. నలభై ఏళ్లు దేశమంతా తిరిగి గోడలు కట్టినవాడు. "చిమ్నీ ఉరుస్తున్నది నాయినా" అన్నాను. అటునుంచి నవ్వు వినిపించింది.

"గవాచి మూయలేదా మరి?"

నేను కూడా నవ్వాను. నాయిన వెనకాల అమ్మ దగ్గు వినపడింది. ఆగి ఆగి, గొంతు చివర ఈల లాంటి చప్పుడుతో వచ్చే దగ్గు. ఇద్దరం ఒక్కసారే ఊరుకున్నాం. తర్వాత నాయిన మాట మార్చి, తమ్ముడి బండి సంగతి అడిగాడు. ఫోన్ పెట్టేశాక లెక్క వేసుకుంటే, నాయిన నోట 'గవాచి' అన్న మాట విని దగ్గర దగ్గర పాతికేళ్లయింది.

*

గవాచి అంటే తెలియనివాళ్ల కోసం చెబుతాను. గవాక్షం అన్న మాటే మా నోళ్లలో నలిగి గవాచి అయింది. పుస్తకాలలో గవాక్షం గోడకు ఉంటుంది, దాని వెనక ఎవరో రాకుమారి ఉంటుంది. మా పాలమూరు మిద్దెలలో గవాచి కప్పుకు ఉంటుంది, దాని కింద పొయ్యి ఉంటుంది.

మాది మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేట పోయే దారికి కొంచెం పక్కన ఒక చిన్న ఊరు. మా ఇల్లు మట్టి మిద్దె. వేప దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద సన్న కట్టెలు, వాటి మీద ఈతాకు, ఆ పైన జానెడు మందాన మట్టి. అన్నిటికన్నా పైన చౌడు. పొలంలో చౌడు తేలితే రైతు ఏడుస్తాడు గానీ, మిద్దె మీదికి అంత మంచి మట్టి ఇంకోటి లేదు. అందులో సోడియం ఎక్కువ. తడి తగలగానే దానిలోని బంకరేణువులు విడివిడిగా చెదిరి, సందులన్నీ పూడ్చేస్తాయి. ఇక నీళ్లు లోపలికి దిగవు, పైపైనే జారి తూములోకి పోతాయి. ఈ లెక్క అవ్వకు తెలియదు. కానీ ఏ చెలకలో ఏ మూల మట్టి తెస్తే మిద్దె ఉరవదో తెలుసు. ఎండాకాలం చివర, రోహిణి కార్తెలో, ఊరంతా గంపలతో ఆ మూలకే పోయేది.

ఆ మిద్దెలో, పొయ్యికి సూటిగా పైన, మూరెడు వెడల్పు రంధ్రం. దాని చుట్టూ మిద్దె మీద జానెడెత్తు కట్ట. కట్టలో అడుగు పగలగొట్టిన కుండను బోర్లించి మెత్తేవాళ్లు. అదే మా చిమ్నీ. పొయ్యి వెలిగితే వేడిగాలి లేచి అందులోంచి పోయేది, దాని వెంట పొగ పోయేది. తలుపు సగం తెరిచి ఉంచాలి. కింద గాలి రాకపోతే పైన పొగ కదలదు.

పొగ ఒక్కటే కాదు, వెలుతురు వచ్చేదీ అందులోంచే. మా వంటింటికి వేరే కిటికీ లేదు. పొద్దెక్కుతుంటే గవాచి ఎండ గోడ దిగి, నేల మీద పాకుతూ, రోలు దాటి, ధాన్యం కుండల దగ్గరికి పోయేది. అవ్వకు అదే గడియారం. ఎండ రోలు మీదికి వస్తే మమ్మల్ని బడికి తరిమేది. కుండల దాకా పోతే పొలంలో ఉన్నవాళ్లకు సద్ది పంపేది.

వాన వస్తే మూయాలి. చినుకు వాసన తగలగానే అవ్వ "గవాచి!" అని ఒక్క కేక పెట్టేది. ఆ కేకకు ఇంట్లో ఉన్న పిల్లలలో ఎవరో ఒకరు నిచ్చెనెక్కి, కుండ మూతి మీద పలక బండ జరపాలి. వాన వెలిసాక మళ్లీ ఎక్కి తీయాలి. చాలా రోజులు ఆ డ్యూటీ నాది. మిద్దె మీద తడి చౌడు జారుతుంది, నాలుగడుగులూ కూర్చునే వేయాలి. బండ జరిపి, ఊరంతా ఇలాగే తలలు బయటపెట్టి గవాచులు మూస్తున్న పిల్లలను చూసి అరుచుకునేవాళ్లం.

*

మిద్దె ఎక్కడైనా ఉరవచ్చు గానీ, ముందుగా ఉరిసేది గవాచి పక్కనే. చిన్నప్పుడు ఎందుకో తెలిసేది కాదు. నాయినతో పాటు రెండు మూడు ఎండాకాలాలు మిద్దె మీద కూర్చుని మెత్తుతుంటే తెలిసింది.

మొదటిది, కుండా మట్టీ ఒక్కతీరుగా ఎండవు. మట్టి ఎండకు కుంచించుకుపోతుంది. కాల్చిన కుండ అలాగే ఉంటుంది. రెండిటి మధ్య వెంట్రుకంత సందు పడుతుంది. అందుకే తొలివాన ఎక్కువ ఉరుస్తుంది. రెండు వానలు పడి మట్టి ఉబ్బితే సందు దానంతటదే మూసుకుంటుంది. రెండోది, కట్ట. ఏటా కొంచెం కొంచెం కరిగి, జానెడు కట్ట బెత్తెడవుతుంది. అప్పుడు మిద్దె మీద పారే నీరు దాన్ని దాటి దర్జాగా లోపలికి వస్తుంది. మూడోది, వాటం. గవాచి ఎగువన నీళ్లు నిలిస్తే ఏ మెత్తుడూ ఆగదు. నీళ్లు గవాచికి అటూ ఇటూ చీలిపోయేలా వెనక పక్క మట్టి ఎత్తు చేయాలి. నాలుగోది, వేడికి వెచ్చగా ఉంటుందని చేరే చీమలు, ఎలుకలు. అవి చేసిన తొవ్వలోంచి నీళ్లు కూడా వస్తాయి.

ఇంకో మాట చెప్పేవాడు నాయిన. "బొట్టు రాలినకాడ చూడకు. నీళ్లు దిగినకాడ చూడు." నీళ్లు గవాచి దగ్గర దిగి, దంతె వెంట పాకి, ఎక్కడో తలుపు దగ్గర రాలుతాయి. మనం తలుపు మీద మట్టి పోస్తుంటాం.

నల్గొండ జిల్లాలో, దేవరకొండ దగ్గర, అమ్మ పుట్టిల్లు. అది గూనపెంకుటిల్లు. అక్కడ గవాచి ఉండదు, అక్కర్లేదు. పెంకు పెంకుకూ మధ్య సందులోంచే పొగ పోతుంది. చలికాలం పొద్దున దూరం నుంచి చూస్తే ఇల్లు మొత్తం పొగలు కక్కుతుండేది. ఇల్లంతా చిమ్నీయే అన్నమాట. ఆ పొగ పట్టిన వెదుళ్లకూ వాసాలకూ పురుగు పట్టదు. అది ఉరిసేది పెంకు జరిగినప్పుడు. పిల్లులు పరుగెత్తితే జరుగుతాయి, కోతులు వస్తే ఇక చెప్పనక్కర్లేదు. ఏటా మా మామ పైకెక్కి పెంకు సదిరేవాడు. ఆయన మోకాళ్లు పోయాక పెంకు తీయించి సిమెంటు రేకులు వేయించాడు. రేకుకు పొగ పోయే సందు లేదని, బెజ్జం కొట్టి గొట్టం పెట్టించాడు. వచ్చిన వాన వచ్చినట్టు ఆ గొట్టం చుట్టే ఉరిసింది. సిమెంటు మెత్తారు, పగిలింది. తారు పూశారు, ఎండకు కారింది. గొట్టం పొయ్యి వేడికి సాగుతుంది, రేకు ఎండకు సాగుతుంది. రెండూ ఒకేసారి సాగవు, మధ్యలో ఏది పెట్టినా చిట్లుతుంది. పైగా బెజ్జం రేకు అల గుంతలో కొట్టారు, నీళ్లు పారేదే అందులో. చివరికి అత్తమ్మ గొట్టం పీకించి, బెజ్జానికి పాత గుడ్డ కుక్కి, పొయ్యిని వాకిట్లోకి మార్చింది. ఆడవాళ్లు చేసే రిపేర్లు ఇలాగే ఉంటాయి. ఇంటిని బాగుచేయలేకపోతే తామే జరుగుతారు.

*

ఇక మా ఇంటి సంగతి.

పాలమూరు లేబర్ అన్న మాట వినే ఉంటారు. డ్యాములు, కాలువలు, రోడ్లు, సొరంగాలు — దేశంలో ఎక్కడ మట్టి పని ఉన్నా మా జిల్లావాళ్లుండేవాళ్లు. మా తాత నాగార్జునసాగర్ కట్టేటప్పుడు రాళ్లు మోశాడు. 1955 డిసెంబరులో నెహ్రూ పునాదిరాయి వేసిన డ్యాం అది, పన్నెండేళ్ల పని, రాతితో కట్టింది. నాయిన పెరిగి మహారాష్ట్ర, కర్ణాటక పనులకు పోయాడు. పంటలయ్యాక గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పోతే, మళ్లీ వానలకు ముందు రావడం. వచ్చిన వారంలోగా మిద్దె పని. మా ఇంటి కప్పు ఆ వారం మీద నిలబడి ఉండేది.

2000వ సంవత్సరంలో ఆ వారం రాలేదు. అడ్వాన్సు తీరలేదని నాయినను పంపలేదు. అమ్మా నేనూ చౌడు మోసి పోశాం గానీ, గవాచి కట్ట మెత్తడం మాకు సరిగా రాలేదు. ఆ ఆగస్టులో వాన పట్టింది. హైదరాబాదులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు కురిసి సగం పట్నం మునిగిందే, ఆ వానే. మాకు అంత పడలేదు గానీ మూడు రోజులు విడవలేదు. రెండో రాత్రి గవాచి కుండ కట్టతో సహా కుంగి, పొయ్యి మీద పడింది. పొయ్యి బురదైపోయింది. అవ్వను మంచంతో సహా ఒక మూలకు జరిపి, ఆమె మీద యూరియా సంచుల కుట్టు కప్పి, అమ్మ తెల్లారేదాకా చాటతో నీళ్లెత్తి పోసింది. మూడు రోజులు ఇంట్లో పొయ్యి వెలగలేదు. పక్కింటివాళ్లు రొట్టెలు పంపారు.

తర్వాతి ఎండాకాలం నాయిన వచ్చాడు. రెండు బస్తాల సిమెంటుతో వచ్చాడు. మట్టి ఊసే ఎత్తలేదు. గవాచి మీద పెద్ద నాపబండ పరిచి, చుట్టూ సిమెంటు పోసి, తాపీతో నున్నగా రుద్ది, మూడు రోజులు గోనెసంచులు తడిపి పెట్టాడు. "ఇంక నేను ఉన్నా లేకున్నా ఒక్క బొట్టు రాదు" అన్నాడు. ఆ మాటలో గర్వం ఉంది. అంతకన్నా ఎక్కువగా, ఆ మూడు రోజులు ఇంట్లో లేనందుకు సిగ్గు ఉంది. అది నాకు పన్నెండేళ్ల వయసులో తెలియలేదు. నాకు తెలిసిందల్లా ఇక నిచ్చెనెక్కే పని లేదని.

నిజంగానే ఆ ఏడు ఒక్క బొట్టు రాలేదు. ఊర్లో వాళ్లు వచ్చి చూసి పోయారు. ఇంకో నాలుగిళ్లలో గవాచులు మూసుకున్నాయి.

పొగ మాత్రం పోలేదు. దంతెల కిందే మబ్బులా ఆగి, మెల్లగా కిందికి దిగి, తలుపు పైభాగంలోంచి బయటపడేది. మేము వంగి నడవడం నేర్చుకున్నాం. ఆముదం కట్టె, పత్తి కట్టె, కంది కట్టె, పిడకలు — మా పొయ్యికి ఇవే. పచ్చి కట్టె పెట్టిన రోజు కళ్లు తెరవలేకపోయేవాళ్లం. మేము బడికి పోయేవాళ్లం. అమ్మ అక్కడే కూర్చుని జొన్నరొట్టెలు కొట్టేది. అవ్వ ఎండ కనపడక, పది నిమిషాలకోసారి "టైమెంతయింది బిడ్డా?" అని అడిగేది. చనిపోయేదాకా అడిగింది.

ఆ చలికాలం ఇంకో వింత జరిగింది. వాన లేదు, మబ్బు లేదు, పొద్దున పూట పైనుంచి నల్లటి బొట్లు రాలడం మొదలైంది. పిండిలో, అన్నంలో. ఇంట్లో అందరం ఆశ్చర్యపోయాం. ఇప్పుడైతే అర్థమవుతుంది. రాత్రంతా చల్లబడ్డ బండకు ఎసరు ఆవిరి తగిలి నీళ్లయి, మసిని కలుపుకుని రాలుతోంది. బయటి నీళ్లు లోపలికి రాకుండా మూశాం, లోపలి నీళ్లు బయటికి పోయే దారి కూడా అదేనని మరిచిపోయాం. ఆ తడికి రెండేళ్లలో గవాచి పక్క దంతె పుచ్చిపోయింది. సిమెంటు చెక్కు చెదరలేదు, దాని కింది కట్టె పోయింది.

*

ఈ మధ్య ఈ పొగ గురించి చదువుతుంటే ఒక పేరు తగిలింది. డాక్టర్ ఎస్.పి. రాజు. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో పనిచేసిన ఇంజనీరు. డ్యాములకూ రోడ్లకూ కావలసిన పరీక్షలు చేసే చోట కూర్చుని, ఆయన పల్లెటూరి వంటింటి గురించి ఆలోచించాడు. మట్టితోనే కట్టుకోగల పొయ్యి, దాని మీద వరుసగా పాత్రలు పెట్టడానికి రంధ్రాలు, లోపల పొగ నడిచే దారి, చివర కప్పు దాటి పోయే గొట్టం. 1953లో దాని మీద ఇంగ్లీషులో పుస్తకం కూడా వేశాడు. కోట్లమందికి పొగలేని వంటిళ్లు అని దాని పేరుకు అర్థం. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు, 1983లో, ప్రభుత్వం దేశమంతటా మెరుగైన పొయ్యిల కార్యక్రమం మొదలుపెట్టింది. అంటే మా ఇంట్లో గవాచి మూసే నాటికి, రాష్ట్ర రాజధానిలో పుట్టిన పొయ్యికి యాభై ఏళ్లు నిండవచ్చాయి.

పొయ్యి బాగుంటే చాలదు. గొట్టం కప్పును దాటే ఆ మూరెడు చోటు కూడా బాగుండాలి. దాన్ని ఏటా చూసే మనిషి ఉండాలి. గొట్టంలో మసి దులపాలి, లేకపోతే పొగ వెనక్కి తంతుంది. పైన టోపీ ఉండాలి, లేకపోతే వాన దిగుతుంది. కప్పుకన్నా తగినంత ఎత్తు ఉండాలి, లేకపోతే గాలి పొగను కిందికి తోస్తుంది. మా మామ ఇంట్లో పోయింది పొయ్యి వల్ల కాదు. ఒక బెజ్జం వల్ల.

అమెరికాలో కూడా ఇంతే. మా చిన్నాయిన కొడుకు న్యూజెర్సీలో పాత ఇల్లు కొన్నాడు. ఇటుక చిమ్నీ ఉన్న ఇల్లు. ఫొటోలు పెట్టి మురిసిపోయాడు. రెండో వసంతానికి చిమ్నీ పక్కన సీలింగు మీద గోధుమరంగు మరక వచ్చింది. చూడ్డానికొచ్చిన రూఫ్ మనిషి పెద్ద లిస్టే చెప్పాడట. ఇటుక గోడకూ వాలు కప్పుకూ కలిసేచోట మడిచి దూర్చే లోహపు రేకు లేచిపోయింది. పైన సిమెంటు తల బీటలిచ్చింది. ఆ బీటలలో నీళ్లు చలికాలం గడ్డకట్టి, ఉబ్బి, ఇంకా చీల్చాయి. పొగ గొట్టం మీద మూత లేదు. చలిదేశాలలో ఇంకో తంటా ఉంది. గ్యాసు మంట పొగలో నీటి ఆవిరి ఎక్కువ, చల్లటి ఇటుకకు తగిలి లోపలే కారుతుంది. వీడియో కాల్‌లో వాడు ఇవన్నీ చెబుతుంటే, ఊరికి పోయి ఉన్న నేను ఫోన్ నాయిన వైపు తిప్పాను. నాయిన శ్రద్ధగా విన్నాడు.

"ఆ రేకంటే మన గవాచి కట్టనే గదరా. ఎగువదిక్కు నీళ్లు చీలుతున్నయా చూడు ముందు" అన్నాడు.

తమ్ముడు నవ్వుతూ అవునన్నాడు. వాడి చిమ్నీకి ఎగువ వైపు నీళ్లు చీల్చే చిన్న గుర్రపు జీను లాంటి కట్టడం లేదని రూఫ్ మనిషి కూడా అన్నాడట.

*

అమ్మకు 2016లో ఆయాసం ఎక్కువైతే మహబూబ్‌నగర్‌లో ఒక డాక్టరుకు చూపించాం. గొట్టంలోకి ఊదించి పరీక్ష చేశారు. కాగితం చూసి డాక్టరు మొదట అడిగిన మాట, "బీడీలు తాగేదా?" అని. అమ్మ సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏ పొయ్యి?" అన్నది రెండో ప్రశ్న. అది సీఓపీడీ. ఊపిరితిత్తులలో గాలి దారులు మెల్లమెల్లగా సన్నబడే జబ్బు. పోయిన ఊపిరి తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ఇంటి పొయ్యి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కలో చాలామంది బీడీ ముట్టనివాళ్లే.

దీపం పథకం 1999లోనే వచ్చింది గదా అంటారు. మాకు సిలిండరు వచ్చింది, కొంచెం ఆలస్యంగా. దాని మీద చాయ పెట్టేవాళ్లం, చుట్టాలొస్తే కూర చేసేవాళ్లం. రొట్టెలకూ, స్నానాల నీళ్లకూ కట్టెల పొయ్యే. సిలిండరు కొనాలి, కట్టె ఏరుకుంటే చాలు.

డాక్టరు దగ్గర నుంచి వచ్చేటప్పుడు బస్సులో నాయిన మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక వంటింట్లోకి పోయి, తలెత్తి ఆ బండను చాలాసేపు చూశాడు. నేను గడపలోంచి చూశాను. ఎవరం ఏమీ అనలేదు. అనాలని నాకు చాలాసార్లు అనిపించింది. కానీ ఏమనాలి? ఉరవకుండా చేయమన్నది మేమే. చేసినందుకు మెచ్చుకున్నదీ మేమే. ఆ నాపబండ ఎవరి తప్పు? వానదా, అడ్వాన్సుదా, మేస్త్రీదా? పన్నెండేళ్ల పిల్లగా నిచ్చెన ఎక్కక్కర్లేదని సంతోషించిన నాదా? అమ్మ మాత్రం ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. వాకిట్లో రేకుల పందిరి వేసుకుని పొయ్యి అక్కడికి మార్చుకుంది. అత్తమ్మలాగే.

డ్యాముల గురించి నాయిన ఒకసారి చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఎంత పెద్ద డ్యామైనా కొంచెం ఊరుతుందట. ఆ ఊటను పూర్తిగా ఆపాలని చూడరు. గోడ లోపలే సొరంగం లాంటి దారి పెట్టి, ఊరిన నీళ్లు అందులోకి చేరేలా చేసి, బయటికి పంపిస్తారు. రోజూ ఎంత ఊరిందో కొలుస్తారు. "మొత్తం మూస్తె నీళ్లు ఎత్తి తంతయ్ బిడ్డా. తొవ్వ ఇడవాలె" అన్నాడు. డ్యాముకు విడిచిన తొవ్వ మా వంటింటికి విడవలేదు.

*

ఫిట్టింగ్ అబ్బాయి చివరికి వచ్చి, గొట్టాన్ని బయటికి వాటంగా వంచి, కొత్త మూత బిగించి, గోడ సందుకు బయటివైపు నుంచి సీలెంటు పెట్టాడు. నాయిన ఫోన్‌లో చెప్పినట్టు బయటినుంచి చెంబుతో నీళ్లు చల్లి చూశాం. బొట్టు రాలేదు. ఫోటో పంపితే నాయిన "మంచిగయింది" అన్నాడు. ఆగి, "దసరాకు వచ్చేటప్పుడు తమ్మున్ని గూడ తీస్కరా. మిద్దె మీద పనుంది" అన్నాడు.

ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ వండరు. పక్కనే స్లాబు గదులు రెండు వేసుకున్నాం. మిద్దె వంటింట్లో పాత సామాను ఉంటుంది. పండుగ మర్నాడు నాయిన, తమ్ముడు పైకెక్కారు. ఉలీ సుత్తీ చప్పుడు మధ్యాహ్నం దాకా వినపడింది. పాతికేళ్ల సిమెంటు అంత సులువుగా వదల్లేదు. బండ లేచాక, కింద నిలబడ్డ నా ముందు వెలుతురు ధబ్బున పడింది. దాని వెంట మట్టి, మసి, ఒక పాత కుండ పెంకు.

మర్నాడు కట్టాడు. రంధ్రం చుట్టూ ఇటుకతో మోకాలెత్తు గూడు, మిద్దె కలిసేచోట వాటంగా సిమెంటు మెత్తు, ఎగువ వైపు నీళ్లు చీలేలా చిన్న ముక్కు. గూడు నాలుగు మూలలా నాలుగు ఇటుక కాళ్లు, కాళ్ల మీద, గూటి కన్నా నాలుగు వేళ్లు బయటికి పొడుచుకొచ్చే బండ. బండ కింద నాలుగు వైపులా సందు. వాన నిలువుగా పడితే బండ ఆపుతుంది. పొగ పక్కలకు పోతుంది. ఎవరూ ఎక్కి మూయనక్కర్లేదు. నగరంలో ఏ పాత మేడ మీద చూసినా ఇలాంటివి కనపడతాయి.

తమ్ముడు పైనుంచి రెండు బకెట్ల నీళ్లు పోశాడు. కింద గిన్నె పెట్టి అందరం తలలెత్తి చూశాం. బొట్టు రాలేదు. అవ్వ టైం చూసుకున్న ఎండ కూడా రాలేదు, పైన బండ అడ్డం. వెలుతురు మాత్రం ఉంది. గోడలకు పట్టిన మసి ఎంత మందంగా ఉందో ఇప్పుడు తెలుస్తోంది.

అమ్మ గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. ఊపిరి అందాక అడిగింది.

"ఇట్ల కట్టొచ్చని నీకు అప్పుడు తెల్వదా?"

నాయిన తొట్టి దగ్గర తాపీ కడుగుతున్నాడు. తలెత్తలేదు.

"తెలుసు" అన్నాడు. "ఊర్లల్ల ఎన్ని కట్టిన్నో. మనింటికాడికొచ్చేసరికి నాలుగు దినాలే టైముండె. ఇది కట్టాలంటే వారం పడతది."

అమ్మ ఇంకేమీ అడగలేదు. కొంచెంసేపు పైకి చూసింది. తర్వాత నావైపు తిరిగి, "ఆ గిన్నె తియ్యి బిడ్డా, ఎవరన్న తట్టుకుంటరు" అంది.